కుడి సీటు గొంతు

పోయిన వారం ఒకటో నంబరుగారు సిమ్యులేటర్ తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "పరీక్ష అయ్యాక కూడా నా మాట ఇదే. సంతకం పెట్టను" అన్నారు. అని లోపలికి వెళ్ళారు. ఆయన వెనక కోడలు, కోడలి వెనక అత్తగారు. తలుపు మూసుకుంది.

ఆ ముగ్గురూ ఆ పెట్టెలోకి ఎందుకు వెళ్ళారో మరిచిపోయినవాళ్ళకూ, ఈ వారమే ఎక్కిన ప్రయాణికులకూ నాలుగు ముక్కలు.

ఈ విమాన కంపెనీలో అత్తాకోడళ్ళిద్దరూ పైలట్లే. అత్తగారు కెప్టెన్. పైగా తోటి పైలట్లకు పరీక్ష పెట్టే అధికారం ఉన్న మనిషి. కోడలు కోపైలట్, అందులోనూ అందరికంటే చివర చేరిన కోపైలట్. మధ్యలో ఉన్న కొడుకు పళ్ళ డాక్టరు. ఎవరి ఉద్యోగం ఊడుతుందోనని ఆడవాళ్ళిద్దరూ మథనపడుతుంటే, "నా పనిలో అయితే ఊడేవి పళ్ళే" అని పళ్ళికిలించాడు. ఆ పూట ఇద్దరిచేతా చీవాట్లు తిని, పళ్ళు తోముకోకుండానే పడుకున్నాడు.

ప్రయాణికులు తగ్గారు. కంపెనీ విమానాల్ని తగ్గించింది. ఇక తగ్గించాల్సింది మనుషుల్నే అన్నాడు ఆపరేషన్స్ డైరెక్టరు. ఆయన్ని అందరూ కత్తెర అంటారు. కోతలు కోసేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు గాని, అన్నమాట ప్రకారం కోత కోసేవాడు ఈయనొక్కడే. చిన్న పైలట్లకు 'జీతం లేని సెలవు ఇస్తున్నాం, పిలిచినప్పుడు వద్దురుగాని' అని సెలవిచ్చాడు. ఎప్పుడు పిలుస్తాడో మాత్రం సెలవియ్యలేదు. పెద్దవాళ్ళకు స్వచ్ఛంద పదవీ విరమణ అన్నాడు. ఛందస్సు ఆయనది, పద్యం వాళ్ళు చదవాలి. అత్తగారిని విడిగా గదికి పిలిచి, "మీరు తప్పుకుంటే మీ కోడలు ఉంటుంది. ఇంటికొకరు చాలు కదండీ" అన్నాడు. "ఇంటికొకర్ని పంపడానికి ఇదేమన్నా యుద్ధమా?" అని ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచి వచ్చేసింది.

వచ్చి ఊరుకోలేదు. పైవాళ్ళు వేసిన ఎత్తుకు పైలట్ల పైఎత్తు వేసింది. ప్రతి కెప్టెనూ నాలుగు నెలలకోసారి ఒక నెల జీతం మానుకుని ఇంట్లో కూర్చోవాలి. ఆ మిగులుతో చిన్నవాళ్ళు అందరూ ఉద్యోగంలోనే ఉంటారు. పెద్దవాళ్ళెవరూ తప్పుకోనక్కర్లేదు. "అంటే మీసాలున్నవాళ్ళం కూడా నెల తప్పాలన్నమాట" అన్నాడు మీసాల కెప్టెన్, సంతకం పెడుతూ. కంపెనీ పెద్దలు సరేనన్నారు, ఒకే ఒక్క షరతు మీద. కెప్టెన్లందరూ ఒప్పుకోవాలి. అందరూ అంటే అందరూ. ఒక్కరు తగ్గినా, ఇవాళ ఆఫీసు కట్టేసే వేళకు చిన్నవాళ్ళందరికీ ఇంటికి పొమ్మని కబురు. మొదటి కబురు కోడలికి.

అందరూ ఒప్పుకున్నారు, ఒకటో నంబరుగారు తప్ప.

ఆయనకా పేరు ఊరికే రాలేదు. మనం పెళ్ళిళ్ళలో వరసలు కలుపుకుంటాం. పైలట్లు చేరిన వరసను బట్టే బతుకుతారు. ఏ ఊరికి ఎగరాలి, ఏ వారం సెలవు, ఎవరు ముందు కెప్టెన్ కావాలి, అన్నీ ఆ వరసే చెబుతుంది. వాళ్ళకు వరసే వరం. ఆ వరసలో ఈయన మొట్టమొదటివాడు. ఒకటో నంబరుకు ఒకటే మాట, ఒకటే మంకు. "వెనక వరసలో నిలబడి నిలబడి కాళ్ళు లాగితే ఇక్కడికొచ్చాను. ఇప్పుడు వెనకవాళ్ళ కోసం ఇంట్లో కూర్చోమంటే ఎలా కూర్చుంటాను?" అంటారు. ఎగరడం ఆయనకు జీతానికి, ఎగిరెగిరిపడటం సరదాకి.

అలాంటి మనిషికి సరిగ్గా ఇవాళే ఆర్నెల్ల పరీక్ష పడింది. పరీక్ష పెట్టేది అత్తగారు. పక్క సీట్లో కోడలు. 

పొద్దున కాంటీన్‌లో మీసాల కెప్టెన్ కోడల్ని పక్కకు లాగి, బతిమాలినంత పని చేశాడు.

"తల్లీ, ఇవాళ ఆయన కాకిని చూపించి నెమలి అన్నా 'ఔను సార్, పురి భలే ఉంది' అను. సంతకం పడేదాకా నీ నోటికి సీటు బెల్టు పెట్టుకో. మా అందరి ఆశా నీ మీదే."

"అలాగేనండీ" అంది కోడలు. తనకు మాత్రం ఉద్యోగం చేదా?

*

బయటినుంచి చూస్తే సిమ్యులేటర్ అంటే గోడౌను లాంటి పెద్ద హాల్లో పొడుగాటి ఇనప కాళ్ళ మీద నిలబడ్డ తెల్ల పెట్టె, ఎక్కి దిగడానికి దాని తలుపు దగ్గరికి వాలే చిన్న బ్రిడ్జి. పెట్టె అంగుళం ముందుకు పోదు. లోపల మాత్రం అచ్చంగా విమానం ముందు గది. కెప్టెనుకు ఎడమ సీటు, కోపైలట్‌కు కుడి సీటు, అద్దాల్లో రన్‌వే, చెవుల్లో ఇంజన్ల హోరు. విమానం ఊగినట్టే ఊగుతుంది, పడ్డట్టే పడుతుంది. అందులో ఎగిరి దిగినవాళ్ళ చొక్కాలు పిండితే నిజమైన చెమటే వస్తుంది.

అత్తగారు వెనక కుర్చీలో కూర్చుంది. ఆవిడ ముందు ఒక తెర. దాన్ని వేలితో తాకితే వాన, మళ్ళీ తాకితే పొగమంచు, ఇంకోసారి తాకితే ఇంజను చావు. ఇంట్లో కోడలి చేత ఒక గ్లాసు కూడా కడిగించని మనిషి, ఇక్కడ కోడలి నెత్తిన ఉరుములూ మెరుపులూ కురిపిస్తుంది. ఈ తలుపు దాటి లోపలికొస్తే చుట్టరికం చెల్లదు.

"మీరు సిద్ధమైతే మొదలుపెడదాం కెప్టెన్" అంది.

"నేను పుట్టినప్పుడే సిద్ధం" అన్నారు ఒకటో నంబరుగారు.

విమానం పరుగెత్తింది. చక్రాలు నేల వదిలాయో లేదో, కుడి ఇంజను ఢామ్మంది. పెట్టె కుడివైపుకు విసురుగా తిరగబోయింది. ఆయన ఎడమ కాలు అప్పటికే పెడల్ మీద ఉంది. ఒక్క నొక్కు. ముక్కు తిన్నగా నిలబడింది. కంగారు లేదు, కేక లేదు. ఒంటి ఇంజను మీద ఆ బరువును మెట్టు మెట్టుగా పైకెక్కించిన తీరు చూసి కోడలు తన పని తాను చేస్తూనే లోలోపల చేతులు జోడించింది. ఎవరేమన్నా ఆయన ఒకటో నంబరు ఊరికే కాలేదు.

చుట్టు తిరిగి మళ్ళీ రన్‌వే వైపుకు వచ్చారు. చక్రాలు దించమన్నారు. కోడలు దించింది. చక్రాలు మూడుచోట్ల. మూడూ సరిగ్గా దిగితే మూడు పచ్చదీపాలు వెలగాలి. రెండు వెలిగాయి. మూడోది వెలగలేదు. దాన్ని ఆర్పింది వెనక కుర్చీలోని వేలేనని వేరే చెప్పాలా?

"వెలగలేదేం?" అన్నారాయన.

"నేను చూస్తాను సార్, మీరు నడపండి."

"నువ్వాగు."

అని ముందుకు వంగి దీపం మీద వేలితో కొట్టారు. వెలగలేదు. గోటితో కొట్టారు. మూత విప్పబోయారు. ఒక చేత్తో విమానం, ఒక చేత్తో దీపం, కళ్ళు రెండూ దీపం మీదే. ఒంటి ఇంజను మీద ఒంటెత్తు పోకడ. దీపం వెలగలేదు, ఆయనకూ వెలగలేదు. వెనకటి రోజుల్నుంచీ విమానాల్ని ఒక్క చేత్తో ఆడించిన మనిషి చేసే తప్పు ఇదే. కొత్తవాడికి చేద్దామన్నా చేతకాదు. ఇంత అలవాటైన విమానం తనంతట తనే నడుస్తుందిలే అనిపిస్తుంది ఆ చేతికి.

విమానం నడవడం లేదు. జారుతోంది. దిగాల్సిన దారికన్నా కింద, ఉండాల్సిన వేగంకన్నా తక్కువలో జారుతోంది. అద్దాల్లో దూరంగా ఉండాల్సిన ఇళ్ళ కప్పులు దగ్గరగా కనిపిస్తున్నాయి.

ఇక్కడ వాళ్ళకొక పద్ధతుంది. కుడి సీటులో ఉన్నవాళ్ళు తప్పు కనపడితే చెప్పాలి. జవాబు రాకపోతే ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాలి. అప్పటికీ జవాబు రాకపోతే, ఎడమ సీట్లో ఉన్నది దేవుడైనా సరే, విమానం తీసేసుకోవాలి. పుస్తకంలో చదవడానికి తేలికే. ఎడమ సీటుకూ కుడి సీటుకూ మధ్య ఎడం చూస్తే మూర కూడా ఉండదు గాని, కొన్నిసార్లు దాన్ని దాటడం సముద్రం దాటినంత పని.

"కెప్టెన్, కిందికి జారుతున్నాం" అంది కోడలు.

దీపం మీద గోటి చప్పుడు.

నోటికి సీటు బెల్టు, అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. కాంటీన్‌లో కాచుక్కూర్చున్న మొహాలు గుర్తొచ్చాయి. కబురందితే తను కట్టాల్సిన లోను, మళ్ళీ ఎగరకపోతే చెల్లకుండా పోయే లైసెన్సు, అన్నీ ఒక్కసారి వరసగా వచ్చి నిలబడ్డాయి. వాటన్నిటి వెనకనుంచి ఇళ్ళ కప్పులు వస్తున్నాయి.

"కెప్టెన్! వేగం పడిపోతోంది! చూడండి!"

దీపం మీద గోరు.

"కంట్రోల్ నాది!"

ఇంజను గర్జించింది. ముక్కు పైకి లేచింది. ఇళ్ళ కప్పులు కిందికి పోయాయి, వాటి బదులు మబ్బులు వచ్చాయి. ఒకటో నంబరుగారి రెండు చేతులూ, ఎవరో వేడి గిన్నె మీదనుంచి తీయించినట్టు, గాల్లోకి లేచాయి. తరవాత చాలా మామూలు గొంతుతో, ఆ వృత్తిలో అనాల్సిన ఆ మాట అన్నారు.

"కంట్రోల్ నీది."

ఆ తరవాత చూడాలి ఆ పెట్టెలో! చివరి నంబరు విమానం నడుపుతోంది, ఒకటో నంబరు పక్కన కూర్చుని కోపైలట్‌లా చెక్‌లిస్టు చదువుతున్నాడు. ఆమె అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. చుట్టు తిరిగి వచ్చి, చక్రాలు మూడూ దిగాయని ఇంకో దారిలో చూసుకుని, ఒంటి ఇంజను మీదే ఆమె దించింది. మెత్తగా ఏం దిగలేదు. దబ్బున దిగింది. అయినా రన్‌వే మీదే దిగింది.

"పరీక్ష అయిపోయింది" అంది వెనక కుర్చీ.

ఆయన బెల్టు విప్పుకుని, ఎవరి మొహమూ చూడకుండా, బ్రిడ్జి దాటి వెళ్ళిపోయారు.

కోడలు వెంటనే లేవలేదు. తలుపు దాటాక గాని చుట్టరికం రాదు కాబట్టి, బ్రిడ్జి మీదకు వచ్చేదాకా ఆగి అడిగింది.

"అత్తయ్యా, పోయింది కదూ?"

"ఏది?"

"నా ఉద్యోగం."

"విమానం పోలేదుగా" అంది అత్తగారు.

*

కాంటీన్ కిటకిటలాడుతోంది. కెప్టెన్లు, కోపైలట్లు, ఆకాశంలో లేనివాళ్ళందరూ అక్కడే ఉన్నారు. కోడలు గడపలో కాలు పెట్టగానే మీసాల కెప్టెన్ ఎదురొచ్చాడు.

"ఏమ్మా, ఎలా జరిగింది? ఆయన మూడ్ ఎలా ఉంది?"

"ఆయన చేతిలోంచి విమానం తీసేసుకున్నానండీ."

మీసాలు రెండూ కిందికి వాలాయి.

"తీసేసుకున్నావా? ఒకటో నంబరు చేతిలోంచా? తల్లీ, ఇవాళొక్కరోజు నోరు మూసుకోమని చెప్పానా లేదా?"

"మూసుకుంటే నేలకు కొట్టుకునేవాళ్ళం."

"అది ఉత్తి పెట్టే కదమ్మా! ఎక్కడికీ పోని పెట్టె! కొట్టుకుంటే ఏమైంది, లేచి కాఫీ తాగేవాళ్ళు!"

కోడలు ఒక్క నిమిషం ఆలోచించింది. "ఆ సంగతి నాకు గుర్తు రాలేదండీ" అంది.

ఎవరో నిట్టూర్చారు. ఓ కోపైలట్ కుర్రాడు సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. "ఇంక మనం గాలి మేడలు దిగి మన మన మేడలకు పోదాం పదండి" అన్నాడు ఇంకొకడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు వచ్చారు ఒకటో నంబరుగారు. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని వచ్చారు. కౌంటరు దగ్గర కాఫీ తీసుకున్నారు. ఇద్దరికి. ఒకటి తెచ్చి కోడలి ముందు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాంటీన్ మొత్తం కుర్చీలు అటు తిప్పుకుంది.

"రెండోసారి పిలిచినప్పుడు గొంతు పెంచావా?"

"పెంచాను సార్."

"ఎంత?"

"అరిచాను సార్."

"నాకు వినపడలేదు." కప్పులోకి చూస్తూ అన్నారాయన. "మొదటిదీ వినపడలేదు, రెండోదీ వినపడలేదు. దీపం తప్ప ఇంకేం లేదు నాకా టైములో. 'కంట్రోల్ నాది' అన్నది మాత్రం వినపడింది. ఎవరిదిరా ఈ గొంతు అని చూశాను. చూస్తే నువ్వు."

"సారీ సార్..."

"దేనికి సారీ? నోర్ముయ్." అని, తనే నాలిక్కరుచుకున్నారు. "ముయ్యకు. అసలు సంగతి అదే. ముయ్యకు."

తరవాత లేచి నిలబడి అందరివైపూ తిరిగారు. ముక్కు మీద ఎప్పుడూ ఉండే కోపం ఇవాళ ముక్కు దిగింది. విమానాన్ని దించినంత తేలిగ్గా మనుషులు దిగిరారు గాని, దిగొస్తే ఆ అందమే వేరు.

"ఏమయ్యా మీసాలూ, నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ పిల్లల్ని పంపించేశాక నా పక్కన కుడి సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"కెప్టెన్లమే... వంతులవారీగా" అన్నాడు మీసాల కెప్టెన్.

"అంటే నువ్వే. ఇందాక ఆ సీట్లో నువ్వుంటే ఏం చేసేవాడివి?"

మీసాల కెప్టెన్ పైకి చూశాడు, కిందికి చూశాడు. ఆఖరికి మీసం సవరించుకుని నిజాయితీగా, "నేనూ దీపమే చూసేవాణ్ణి" అన్నాడు.

"అదీ! నేనైనా అంతే. పక్కన ఇంకో నేను కూర్చుంటే, ఇద్దరం బుర్రలు దగ్గరపెట్టి ఆ దిక్కుమాలిన బల్బు చూస్తూ, మర్యాదగా 'మీరు చూడండి సార్, కాదు మీరే చూడండి సార్' అనుకుంటూ, ప్రయాణికులందర్నీ తీసుకెళ్ళి ఎవరో ఒకరి డాబా మీద దించేవాళ్ళం. నాకు తలాడించే మనిషి కాదయ్యా కావలసింది, నన్ను నిలదీసే మనిషి. ఆ మనిషిని ఇంటికి పంపించి, ఆ సీట్లో నా నీడను కూర్చోబెట్టుకోనా? ఏదీ ఆ కాగితం? నెల కాదు, రెండు నెలలైనా తప్పుతాను!"

ఆ తరవాత కాంటీన్‌లో లేచిన గోల ముందు ఒంటి ఇంజను ఎంత! రెండు ఇంజన్లూ చిన్నబోయాయి. బల్లలు చరిచారు. సంచి సర్దుకున్న కుర్రాడు సంచిని పైకి విసిరితే అది పంకాకు తగిలి సామానంతా వానలా కురిసింది. మీసాల కెప్టెన్ ఏడుస్తూ నవ్వుతూ ఎవర్ని కౌగిలించుకుంటున్నాడో చూసుకోకుండా కాంటీన్ వంటవాణ్ణి కౌగిలించుకున్నాడు. కోడలు కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని అలాగే కూర్చుంది. తాగడం మరిచిపోయింది.

ఒకటో నంబరుగారు కలం తీశారు.

"ఒక్క నిమిషం అన్నగారూ."

అత్తగారు. గుమ్మంలో నిలబడి ఉంది. గోల దానంతటదే తగ్గింది.

"సంతకానికి ముందు మీకు ఫలితం చెప్పాలి. తరవాత చెబితే మోసమవుతుంది."

"తెలుసు చెల్లెమ్మా. తప్పానని రాశావు."

"రాశాను. ఇంజను పోయినప్పుడు మీరు చేసింది ఇక్కడున్నవాళ్ళలో ఎవరూ చెయ్యలేరు, అదీ రాశాను. రెండుసార్లు పిలిస్తే పలకలేదు, అదీ రాశాను. మళ్ళీ పరీక్ష ఇవ్వాలి."

ఎవరో "అయ్యో, ఇవాళైనా..." అన్నారు. ఇవాళైనా కాస్త చూసీచూడనట్టు పోవచ్చు కదా అని దానర్థం. ఒకటో నంబరుగారు ఆ మాట వచ్చిన వైపు ఒక చూపు చూశారు.

"చూసీచూడనట్టు పోయింది ఇందాక నేను. ఆవిడ చూసింది, రాసింది. రాయకపోతే జన్మలో నీ మొహం చూసేవాణ్ణి కాదు చెల్లెమ్మా" అని, గలగలా నవ్వి, కాగితం లాక్కుని, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పాకేట్టు సంతకం చేశారు.

మళ్ళీ గోల. ఈసారి ఇందాకటికంటే ఎక్కువ.

"చప్పట్లు కింది అంతస్తు దాకా వినిపించాయి" అంది ఒక మెత్తని గొంతు.

కత్తెర! చేతులు వెనక్కి కట్టుకుని, పుట్టినరోజు పండగకు పిలవకపోయినా వచ్చినవాడిలా నవ్వుతున్నాడు.

"అందరూ ఒప్పుకున్నట్టున్నారు. సంతోషం. పెద్దల షరతు ఇంకోసారి గుర్తుచేద్దామని వచ్చాను. కెప్టెన్లందరూ. కెప్టెనంటే రేపు పొద్దున ఎడమ సీటెక్కి విమానం నడపగలిగినవాడు. ఈయన రేపు నడపలేరు. పరీక్ష తప్పారు. ఆ సంతకం చెల్లదు. అంటే ఒకరు తగ్గారు."

"అదేం లెక్క?" అన్నాడు మీసాల కెప్టెన్. "ఆయన్ని కెప్టెను కాదంటే, మిగిలిన అందరం పెట్టేశాం. కెప్టెనంటే, ఆయనా పెట్టేశాడు. ఎటు చూసినా అందరమేగా!"

"పేరు తీసెయ్యలేదండీ. పేరుంది, అర్హత లేదు. ఉండీ లేనట్టు."

"ఉండీ లేనట్టున్నది మీ బుద్ధి!"

కత్తెర నొచ్చుకోలేదు. నొచ్చుకునే భాగాన్ని ఎప్పుడో కత్తిరించేసుకున్నాడు. గోడ మీది గడియారం వైపు చూశాడు. ఆఫీసు కట్టేయడానికి ఇంకా టైముంది. అత్తగారూ అటే చూసింది.

"అయితే మళ్ళీ పరీక్ష ఇప్పుడే పెడదాం. పెట్టె ఖాళీగానే ఉంది" అంది.

"పెట్టచ్చు. కాని తప్పారని రాసిన మనిషే మళ్ళీ పరీక్ష పెట్టకూడదు. రూలు మీకు నేను చెప్పాలా? మీరు కాకుండా పరీక్ష పెట్టే అధికారమున్న మిగతావాళ్ళు..." కత్తెర కిటికీలోంచి ఆకాశం వైపు వేలు చూపించాడు. "పైనున్నారు. ఇవాళ దిగరు."

అత్తగారి పెదాలు బిగుసుకున్నాయి. అది నిజమే.

"కంగారుపడకండి" అన్నాడు కత్తెర. "నేనున్నాను."

కుర్రాళ్ళకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళకు అర్థమైంది. ఈ కత్తెరకు ఒకప్పుడు రెక్కలుండేవి. కుర్చీకి అంటుకుపోకముందు ఆయనా కెప్టెనే, పరీక్షలు పెట్టిన కెప్టెనే. ఆ అధికారాన్ని మాత్రం ఏటేటా పోనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చాడు. ఎందుకో ఇవాళ తెలిసింది.

ఇలాంటప్పుడు మామూలు మనిషైతే కూలబడేవాడు. ఒకటో నంబరుగారు చొక్కా చేతులు మడిచారు.

"పద బాబూ. ఎప్పుడో నీకు మొదటి ల్యాండింగ్ నేర్పింది నేనే. నువ్వు నాకు పెట్టే పరీక్ష ఎలా ఉంటుందో చూద్దాం. కుడి సీట్లో మాత్రం ఈ అమ్మాయే."

"అలాగే" అన్నాడు కత్తెర. "ఆమెకూ కలిపి పరీక్షే మరి. ఆయన తప్పితే ఆమె కూడా తప్పినట్టే. ఒప్పుకుంటేనే."

కోడలు అత్తగారి వైపు చూసింది.

"నన్ను చూడకు" అంది అత్తగారు. "నేను నేల మీదున్నదాన్ని. ఎక్కేది నువ్వు."

కోడలు చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి కప్పు బల్ల మీద పెట్టింది.

"పదండి సార్. ఈసారి బల్బు నాది, విమానం మీది."

"ఆరి పిడుగా!" అన్నారు ఒకటో నంబరుగారు. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. ఆయన ముందు, ఆమె వెనక కాదు. కుర్రాళ్ళు రెండు వైపులా చీలి దారి ఇచ్చారు. ఆ నడకకు ఎవరు మొదలుపెట్టారో గాని, మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి. వాళ్ళ వెనక నడుస్తున్న కత్తెరకు కూడా ఆ చప్పట్ల మధ్యనుంచే వెళ్ళక తప్పలేదు.

సిమ్యులేటర్ హాలుకు పెద్ద అద్దం ఉంది. కాంటీన్ కాంటీనంతా ఆ అద్దానికి అతుక్కుపోయింది. బ్రిడ్జి పైకి లేచింది. తెల్ల పెట్టె ఇనప కాళ్ళ మీద మెల్లగా లేచి, తల ఎగరేసింది.

"పరుగు... లేచింది!" మీసాల కెప్టెన్ లోపలున్నట్టే చెబుతున్నాడు. పెట్టె కుడికి ఊగింది. ఊగిన మరుక్షణం తిన్నగా నిలబడింది. "కుడి ఇంజను తీశాడు. పట్టేశారు! అబ్బ, ఆ కాలు చూడండి, కనపడకపోయినా చూడండి!" పెట్టె ఎడమకు విసురుగా ఒరిగింది. మళ్ళీ నిలబడింది. "ఈదురుగాలి పెట్టాడు. నిలబెట్టారు!" ఏదొచ్చినా తట్టుకుంటోంది పెట్టె. వచ్చిన ప్రతిదాన్నీ తట్టుకున్నప్పుడల్లా అద్దం ఇవతల ఒక కేక. అత్తగారు మాత్రం అరవలేదు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. లోపల కోడలు చెప్పాల్సిన మాటలన్నీ ఇవతల చెప్పుకుంటోంది.

"దిగడానికి వస్తున్నారు" అన్నాడు మీసాల కెప్టెన్. "అదిగో, ముక్కు దించారు. వేగం బాగుంది. ఇంకొంచెం... ఇంకొంచెమే... చక్రాలు తగిలేస్తాయ్..."

పెట్టె ఆగిపోయింది.

దిగలేదు, పడలేదు. ముక్కు కిందికి వంచి, ఒక పక్కకు కొద్దిగా ఒరిగి, అలాగే గాల్లో బిగుసుకుపోయింది. హాల్లో పెట్టెను ఆడించే పంపుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమైంది? కూలిందా?" అన్నాడు ఎవరో కుర్రాడు.

"కూలితే ముందు అదురుతుంది. అది అదరలేదు" అంది అత్తగారు. అప్పటికే ఆవిడ తలుపు తోసుకుని హాల్లోకి పరుగెత్తుతోంది. బ్రిడ్జి ఇంకా పైకెత్తే ఉంది. విమానాన్ని అలా నడిగాల్లో నిలిపేసే మీట లోపల పరీక్షకుడి చేతికి ఒక్కదానికే అందుతుంది.